సహోదరీత్వం – ఎవరి షరతుల మీద?

ఏటా ఆగస్టులో, తరగతులు ఇంకా మొదలుకాకముందే, అమెరికాలోని చాలా విశ్వవిద్యాలయాల్లో ఒక తంతు జరుగుతుంది. కొత్తగా చేరిన ఆడపిల్లలు గుంపులు గుంపులుగా ఒక ఇంటి నుంచి మరో ఇంటికి తిరుగుతారు. ఆ ఇళ్ల నుదుట గ్రీకు అక్షరాలుంటాయి. గుమ్మంలో పాటలు పాడి చప్పట్లు కొట్టి ఆహ్వానించే సీనియర్ విద్యార్థినులుంటారు. కాసేపు కూర్చోబెట్టి కబుర్లు చెబుతారు. పిల్లలు వెళ్లిపోయాక, వారిలో ఎవరిని మళ్లీ పిలవాలో ఎవరిని పిలవనక్కర్లేదో లోపలివాళ్లు తేల్చుకుంటారు. కొన్ని రోజుల పాటు ఈ వడపోత సాగుతుంది. చివరి రోజున కవరు విప్పి చూసుకుని కొందరు కేరింతలు కొడతారు, కొందరు గదుల్లోకి వెళ్లి తలుపులు వేసుకుంటారు. ఈ సంఘాలనే సొరోరిటీలు అంటారు. లాటిన్ భాషలో సొరోర్ అంటే సోదరి. ఒక్క అలబామా విశ్వవిద్యాలయంలోనే ఏటా రెండు వేల మందికి పైగా అమ్మాయిలు ఈ వడపోతకి నిలబడతారు. 2021లో ఆ పిల్లలు పెట్టిన టిక్‌టాక్ వీడియోలతో ఇది ప్రపంచమంతా చూసే తమాషా అయిపోయింది.

అమెరికా అమ్మాయిల క్లబ్బుల గోల మన పత్రికకెందుకని పాఠకులకు అనిపించవచ్చు. అది కొంతవరకూ మన గోల కూడా. ఇక్కడి నుంచి ఎమ్మెస్ చదవడానికి వెళ్లే పిల్లలకి ఈ ప్రశ్న పెద్దగా ఎదురుకాదు, ఎందుకంటే సొరోరిటీలు ముఖ్యంగా డిగ్రీ విద్యార్థినులవి. కానీ ఎనభైల్లో, తొంభైల్లో వెళ్లి స్థిరపడిన మన కుటుంబాల్లో అక్కడే పుట్టి పెరిగిన అమ్మాయిలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. మా చెల్లెలి కూతురు కూడా వారిలో ఒకతె. "పెద్దమ్మా, నువ్వు ఇన్నేళ్లుగా స్త్రీల సంఘాల్లోనే పనిచేశావు కదా. మరి నన్ను ఈ ఆడవాళ్ల సంఘంలో చేరమంటావా, వద్దంటావా?" అని అడిగింది. వాళ్లమ్మ "చదువుకోమని పంపితే క్లబ్బులేమిటే" అన్నదట. వాళ్ల నాన్న "మొత్తం ఎంతవుతుందిట?" అని మాత్రం అడిగాడట. ఆ పిల్ల ప్రశ్న నన్ను ఆలోచనలో పడేసింది. స్త్రీలందరూ కలిసి ఉన్నంత మాత్రాన అది స్త్రీల సంఘం అవుతుందా? ఈ ప్రశ్న టెక్సస్‌కి ఎంత వర్తిస్తుందో వరంగల్‌కీ అంతే వర్తిస్తుంది.

ముందు ఈ సంఘాల పుట్టుక గురించి న్యాయంగా చెప్పుకోవాలి. మగపిల్లల కాలేజీల్లోకి ఆడపిల్లల్ని అప్పుడప్పుడే, అయిష్టంగా రానిస్తున్న కాలంలో ఇవి పుట్టాయి. 1851లో జార్జియా రాష్ట్రంలో వెస్లియన్ కాలేజీ విద్యార్థినులు పెట్టుకున్న సాహిత్య సమాజం వీటికి ఆది అంటారు. 1870లో ఇండియానాలోని గ్రీన్‌కాసిల్ ఊళ్లో, ఇప్పుడు డిపా విశ్వవిద్యాలయం అంటున్న కాలేజీలో, బెట్టీ లాక్ అనే విద్యార్థిని మరో ముగ్గురితో కలిసి కప్పా ఆల్ఫా థీటా స్థాపించింది. మగవాళ్ల సంఘం ఒకటి ఆమెని సభ్యురాలిగా చేర్చుకోకుండా, తమ బిళ్లని అలంకారంగా పెట్టుకోమంటే ఆమె వద్దన్నదని చెబుతారు. తరగతిలో మగపిల్లలూ పంతుళ్లూ పరాయివాళ్లలా చూస్తున్నప్పుడు నలుగురు ఆడపిల్లలు ఒకరికొకరు తోడు నిలబడడం చిన్న విషయం కాదు.

1902లో ఈ సంఘాల్లో కొన్ని కలిసి ఒక జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి. అదే సంవత్సరం మచిలీపట్నంలో భండారు అచ్చమాంబ బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించడంలో పాలుపంచుకుంది. రెండు చోట్లా అవసరం ఒకటే. ఇంటి గడప దాటి వచ్చిన ఆడదానికి మరో ఆడదాని తోడు కావాలి. ఆ తోడుతో ఏం చేస్తారన్న దగ్గరే దారులు వేరయ్యాయి.

అమెరికా సొరోరిటీలు చాలా త్వరగా తలుపులు మూసుకున్నాయి. తెల్లజాతి, క్రైస్తవ, కలిగిన కుటుంబాల పిల్లలకే అవి ఇళ్లయ్యాయి. అందుకే మినహాయించబడిన వాళ్లు తమ సంఘాలు తామే కట్టుకున్నారు. 1908లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థినులు ఆల్ఫా కప్పా ఆల్ఫా స్థాపించారు. 1913 జనవరిలో అక్కడే ఇరవైరెండు మంది డెల్టా సిగ్మా థీటా మొదలుపెట్టారు. ఆ సంఘం ప్రజల ముందుకొచ్చి చేసిన మొదటి పని, మార్చి 3న స్త్రీల ఓటుహక్కు కోసం వాషింగ్టన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో నడవడం. నల్లజాతి స్త్రీలు వెనక నడిస్తే చాలునన్న తెల్లజాతి స్త్రీలు ఉన్న ప్రదర్శన అది. అయినా వాళ్లు నడిచారు. 1968లో అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికైన మొదటి నల్లజాతి స్త్రీ షెర్లీ చిజమ్ ఆ సంఘ సభ్యురాలు. 2021 నుంచి 2025 దాకా ఉపాధ్యక్షురాలిగా ఉన్న కమలా హారిస్, హోవర్డ్‌లో చదువుకునే రోజుల్లో ఆల్ఫా కప్పా ఆల్ఫాలో చేరింది. ఈ సంఘాల్లో సభ్యత్వం డిగ్రీతో ముగియదు. ఉద్యోగాల్లో చేరాకా, పిల్లల తల్లులయ్యాకా కూడా కలిసి పనిచేస్తారు, ఓటర్లని నమోదు చేయిస్తారు.

1998లో మన దక్షిణాసియా అమ్మాయిలు కూడా ఇదే దారి తొక్కారు. ఒకే సంవత్సరంలో మూడు చోట్ల – న్యూయార్క్‌లోని సెయింట్ జాన్స్‌లో సిగ్మా సిగ్మా రో, ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా – మూడు సొరోరిటీలు పుట్టాయి. గృహహింస గురించి మాట్లాడడాన్ని సిగ్మా సిగ్మా రో తన ముఖ్య బాధ్యతగా పెట్టుకుంది. పరువు పేరుతో ఇంటి గుట్టు దాచిపెట్టే మన కుటుంబాల పిల్లలు ఆ మాట పైకి అనడమే ఒక మేలు.

కాబట్టి సొరోరిటీ అనే పేరు కింద రకరకాల సంఘాలున్నాయి. అన్నిటినీ ఒకే గాటన కట్టి మంచివనో చెడ్డవనో చెప్పడం కుదరదు. అయితే వాటి చరిత్రలో ఆడపిల్ల తప్పక తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

బెట్టీ లాక్ చదివిన అదే గ్రీన్‌కాసిల్‌లో, 2006 చివర్లో, డెల్టా జీటా అనే సొరోరిటీ జాతీయ నాయకులు వచ్చి అక్కడి శాఖలోని ముప్ఫైఅయిదు మంది సభ్యురాళ్లతో విడివిడిగా మాట్లాడారు. తర్వాత ఇరవైమూడు మందిని ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. లావుగా ఉన్నవాళ్లందరూ, శాఖలో ఉన్న ఏకైక నల్లజాతి, కొరియన్, వియత్నామీ అమ్మాయిలూ ఆ జాబితాలో ఉన్నారని 2007 ఫిబ్రవరిలో పత్రికలు రాశాయి. ఉండమన్న వాళ్లలో ఆరుగురు కోపంతో తామే బయటికొచ్చారు. కొత్తవాళ్లని చేర్పించడంలో శ్రద్ధ చూపలేదనే తీసేశాం తప్ప రూపాన్ని బట్టి కాదని సంస్థ వాదించింది. విశ్వవిద్యాలయం ఆ వాదనతో సమాధానపడలేదు, మార్చిలో సంస్థతో సంబంధం తెంచుకుంది.

2013 సెప్టెంబరులో అలబామా విశ్వవిద్యాలయ విద్యార్థి పత్రిక మరో కథనం ప్రచురించింది. మంచి మార్కులు, మంచి కుటుంబం ఉన్న ఒక నల్లజాతి అమ్మాయిని తెల్లజాతి సొరోరిటీలు ఒక్కొక్కటీ తోసిపుచ్చాయి. లోపలున్న అమ్మాయిల్లో కొందరు ఆమెని తీసుకుందామన్నా పూర్వ సభ్యురాళ్లైన పెద్దవాళ్లు అడ్డుకున్నారని ఆ సభ్యురాళ్లే బయటపెట్టారు. అప్పటికి ఆ విశ్వవిద్యాలయంలోకి నల్లజాతి విద్యార్థుల్ని రానివ్వనని గవర్నర్ వాలెస్ ద్వారానికి అడ్డంగా నిలబడి సరిగ్గా యాభై ఏళ్లు. విద్యార్థులు ఊరేగింపు తీశారు. విశ్వవిద్యాలయ అధ్యక్షురాలి ఆదేశంతో తలుపులు మళ్లీ తెరిచి కొందరు నల్లజాతి అమ్మాయిలకి ఆహ్వానాలు పంపారు. ఇక్కడ గమనించవలసింది, ఇరవై ఏళ్ల పిల్లలు మారడానికి సిద్ధపడితే అమ్మమ్మల వయసు వాళ్లు ఆపారని. తల్లిగానీ అక్కగానీ సభ్యురాలై ఉంటే ఆ పిల్లకి ముందు పీట వేసే వారసత్వపు పద్ధతి ఒకటి ఉండేది. 2020లో నల్లజాతి ఉద్యమం ముమ్మరమైన తర్వాతే కొన్ని సొరోరిటీలు దాన్ని ఎత్తేశాయి.

ఇవి చదివి మనం అమెరికా వాళ్లని చూసి తల తిప్పుకోనక్కర్లేదు. కొత్తగా పరిచయమైన మనిషిని "మీ ఇంటిపేరేమిటండీ?" అని అడగడంలో మన ఎంపిక ప్రక్రియ మొత్తం ఉంది. సముద్రాలు దాటినా తెలుగువాళ్ల మధ్య కులం చూసి కూడే కూటములు తగ్గలేదు. పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టి ఒడ్డూ పొడుగూ, రంగూ రూపూ, నవ్వూ నడకా తూకం వేసే అలవాటు మనకి కొత్త కాదు. పెళ్లిచూపుల్ని అసహ్యించుకునే అమ్మాయి, తనని చూసి మార్కులు వేసేది ఆడపిల్లలే కదా అని ఊరుకుంటే ఎలా? చూపు ఎవరిదైనా తూకపురాళ్లు మగవాళ్లవే. ఎలాంటి అమ్మాయిలుంటే మన ఇంటికి గొప్ప, ఏ మగపిల్లల సంఘం మనతో కలిసి పార్టీ చేస్తుంది అన్న లెక్క చాలా చోట్ల ఆ వడపోతలో నడుస్తుంది.

పార్టీల సంగతి కూడా చెప్పాలి. జాతీయ సమాఖ్యలోని సొరోరిటీలు తమ ఇళ్లలో మద్యం ఉండనివ్వవు. వినడానికి ఇది మంచి నియమమే. ఆచరణలో, తాగే పార్టీలన్నీ మగపిల్లల ఫ్రటర్నిటీ ఇళ్లలో జరుగుతాయి. అంటే తలుపు దగ్గర కాపలా వాళ్లది, గ్లాసులో పోసేది వాళ్లు, పై అంతస్తు గదులు వాళ్లవి, అర్ధరాత్రి ఇంటికి దింపే కారూ ఒక్కోసారి వాళ్లదే. ఆడపిల్లల క్షేమం కోసమని పెట్టిన నియమం ఆడపిల్లని తన ఇంట్లోంచి మగవాడి ఇంట్లోకి పంపుతుంది. మా ఇళ్లలో మేమే పార్టీ చేసుకుంటే మాకు రక్షణ ఎక్కువ కదా అని కొందరు సొరోరిటీ విద్యార్థినులే వాదించారు. ఆ వాదనలో న్యాయముంది.

ఇక ర్యాగింగ్. అక్కడ దాన్ని హేజింగ్ అంటారు. నియమాలన్నీ దాన్ని నిషేధిస్తాయి, అయినా జరుగుతుంది. 2002లో లాస్ ఏంజిలిస్ సముద్రతీరంలో, సొరోరిటీలో చేరబోతూ రాత్రిపూట అలల్లోకి దిగిన ఇద్దరు యువతులు మునిగి చనిపోయారు. ప్రతి కాలేజీ తన ప్రాంగణంలో జరిగే ఇలాంటి సంఘటనల లెక్క బయటపెట్టాలని అమెరికా ప్రభుత్వం చట్టం చేసింది 2024 డిసెంబరులో. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన ర్యాగింగ్ పోలేదన్నదీ మనకి తెలుసు. నేను చదువుకున్న రోజుల్లో హాస్టల్లో సీనియర్ అక్కల ముందు తల వంచుకుని నిలబడి, వాళ్ల బట్టలు ఉతికి, వాళ్లు అడిగిన వెకిలి ప్రశ్నలకి జవాబు చెప్పేవాళ్లం. "ఇదంతా చనువు పెరగడానికే" అనేవాళ్లు. వార్డెన్‌కి చెబితే "సర్దుకుపోవాలి" అన్నది. అవమానంతో మొదలైన చనువులో, అవమానించే హక్కు కోసం మన వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడడమే మిగులుతుంది.

మరి చేరాలనుకునే అమ్మాయికి ఏం చెప్పాలి? నేను మా పిల్లకి చెప్పిందే ఇక్కడ చెబుతాను.

మొదటిది, సంతకం పెట్టేముందు చదవమన్నాను. పద్దెనిమిదేళ్లు నిండాయి గనక ఆ సంతకానికి తనే జవాబుదారు. జాతీయ సమాఖ్య సొరోరిటీల్లో చివరి రోజున అమ్మాయి ఒక అంగీకార పత్రం మీద సంతకం చేస్తుంది. తాను జాబితాలో రాసిన సంఘం నుంచి ఆహ్వానం వచ్చాక కాదంటే, ఆ ప్రాంగణంలో ఆ సమాఖ్యకి చెందిన మరో సొరోరిటీలో మళ్లీ ఏడాది ఎంపికల దాకా చేరడానికి వీల్లేదు. వారం రోజులు నిద్రలేక, ఏడ్చి, నవ్వి అలసిపోయిన పిల్ల చేత పెట్టించుకునే సంతకం అది. ఇష్టంలేని పేరు జాబితాలో రాయనక్కర్లేదన్న సంగతి ముందే తెలిసి ఉండాలి.

రెండోది డబ్బు. మొదటి సెమిస్టరుకి ఎంత, ఆ తర్వాత ఎంత, సంఘం ఇంట్లో తప్పనిసరిగా ఉండాలా, సమావేశానికి రాకపోతే జరిమానా ఎంత, బట్టలకీ కానుకలకీ ఎంత – ఇవన్నీ కాగితం మీద అడగాలి. పెద్ద ఇళ్లున్న సొరోరిటీల్లో తిండీ వసతీ కలిపితే సెమిస్టరుకి వేల డాలర్లు అవుతుంది. ఇళ్లులేని చిన్న సంఘాల్లో అందులో చిన్న భాగం ఉంటుంది. లెక్క అడిగితే చిన్నబుచ్చే సంఘంలో రేపు ఏ ప్రశ్న అడిగినా చిన్నబుచ్చుతారు.

మూడోది, లోపల ఎవరున్నారో చూడాలి, ఎవరు లేరో కూడా చూడాలి. నల్లజాతి అమ్మాయి, లావుపాటి అమ్మాయి, వికలాంగురాలు, స్కాలర్‌షిప్పు మీద చదివే అమ్మాయి, ఆడపిల్లనే ప్రేమించే అమ్మాయి – వీళ్లు ఆ ఇంట్లో ఉన్నారా? ఉంటే ఎన్నికైన పదవుల్లో ఉన్నారా, ఫొటోల్లో మాత్రమే ఉన్నారా? మన అమ్మాయి రంగు చూసి "మా ఇంట్లో వైవిధ్యం లేదు, నువ్వొస్తే బాగుంటుంది" అంటే సంతోషపడే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

నాలుగోది, నిరుడు చేరి మానేసినవాళ్లతో మాట్లాడాలి. ఉన్నవాళ్లు ఎటూ మంచే చెబుతారు. ఎందుకు మానేశారో, మానేశాక స్నేహితులు మిగిలారో లేదో వాళ్లే చెప్పగలరు.

అయిదోది అన్నిటికన్నా ముఖ్యం. ఒక పార్టీలో సభ్యురాలి మీద అత్యాచారం జరిగితే ఈ సంఘం ఏం చేస్తుంది? ఆమె వెంట పోలీసుల దగ్గరికీ విశ్వవిద్యాలయం అధికారుల దగ్గరికీ వెళుతుందా? మన ఇంటి పేరు పోతుంది, ఆ ఫ్రటర్నిటీతో స్నేహం చెడుతుంది, ఊరుకోమంటుందా? ఈ ప్రశ్న పాటల మధ్యా చప్పట్ల మధ్యా అడగడం కష్టం. అయినా అడగాలి. దీనికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన అమ్మాయిలున్న సంఘం నిజంగా అక్కచెల్లెళ్ల సంఘం. అలాంటిది దొరికితే గ్రీకు అక్షరాలు ఉన్నా లేకపోయినా చేరమనే నా సలహా. దొరకకపోతే ఆ ఏడాదికి ఊరుకోవచ్చు. కాలేజీలో స్నేహాలకి మరో దారి లేకుండా పోదు.

ఇవి అడిగిన తర్వాత చేరతానన్నా మాననన్నా అది ఆ పిల్ల నిర్ణయం. తల్లిదండ్రులకి నేను చెప్పదలచుకున్నదీ ఇదే. ఈ ప్రమాదాలన్నీ విని "అందుకే వద్దన్నాం" అనడం సులువు. అమ్మాయిల భద్రత పేరుతో వాళ్ల కాళ్లకి బంధాలు వెయ్యడం మనకి తరతరాలుగా తెలిసిన విద్య. అదే ఇంట్లో కొడుకు ఫ్రటర్నిటీలో చేరతానంటే ఇంత చర్చ జరుగుతుందా? నిషేధం వల్ల ఏం జరుగుతుందో హార్వర్డ్‌లో చూశారు. 2016లో ఆ విశ్వవిద్యాలయం, మగవాళ్లకే పరిమితమైన పాత క్లబ్బుల పెత్తనం తగ్గించాలని, ఆడవాళ్లకే గానీ మగవాళ్లకే గానీ పరిమితమైన సంఘాల్లో చేరే విద్యార్థులకి నాయకత్వ పదవులు ఇవ్వమని ప్రకటించింది. సొంత ఆస్తులూ ధనవంతులైన పూర్వ విద్యార్థుల అండా ఉన్న మగవాళ్ల క్లబ్బుల్లో చాలా మట్టుకు తట్టుకుని నిలిచాయి. ఆడవాళ్ల సంఘాల్లో కొన్ని మూతపడ్డాయి, కొన్ని మగవాళ్లనీ చేర్చుకోవలసి వచ్చింది. కోర్టు కేసుల తర్వాత 2020లో ఆ విధానాన్ని ఎత్తేశారు. సమానత్వం కోసమని కొట్టిన దెబ్బ ముందు ఆడవాళ్లకే తగిలింది.

అలాగని చట్టం మాట ఎత్తొద్దని కాదు. విద్యాసంస్థల్లో స్త్రీపురుష వివక్షని నిషేధిస్తూ అమెరికా 1972లో చేసిన చట్టం నుంచి, సభ్యుల్ని చేర్చుకునే విషయంలో సొరోరిటీలకీ ఫ్రటర్నిటీలకీ 1974లో మినహాయింపు ఇచ్చారు. స్త్రీలు తమకంటూ సంఘం పెట్టుకునే హక్కుకి ఆ మినహాయింపు అవసరమే. కానీ ఆ హక్కు చాటున జాతి, రూపం, ఆస్తి చూసి సాటి స్త్రీని గుమ్మం బయట నిలబెడితే దాన్ని ప్రశ్నించే బాధ్యత లోపలున్న స్త్రీలదే. 2013లో అలబామా అమ్మాయిలు కొందరు ఆ పని చేశారు. 2020లో వాండర్‌బిల్ట్ లాంటి చోట్ల ఎందరో రాజీనామాలు చేసి బయటికొచ్చారు. ఉండి పోరాడిన వాళ్లనీ వదిలి వచ్చిన వాళ్లనీ కూడా నేను గౌరవిస్తాను.

మన దగ్గర 1974లో హైదరాబాదులో ప్రగతిశీల మహిళా సంఘం పెట్టినవాళ్లు కాలేజీ విద్యార్థినులే. వరకట్నానికీ, రోడ్ల మీద ఆడపిల్లల్ని వేధించడానికీ వ్యతిరేకంగా వాళ్లు ఊరేగింపులు తీశారు. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా పల్లెల్లో సారా దుకాణాలు మూయించిన స్త్రీలు ఒకరి అందచందాలు ఒకరు చూసి కూడలేదు. వాళ్లకి కావలసింది ఇంట్లో తాగి కొట్టే మొగుడి బాధ ఒకటే కావడం, దాని మీద కలిసి నిలబడే ధైర్యం. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధం తెచ్చింది ఆ కూడికే.

ఇప్పుడు మన కాలేజీల్లో మొదటి సంవత్సరం చేరే అమ్మాయికి అలాంటి కూడిక ఏది? ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో సాయంత్రానికే గేటు మూస్తే, విద్యార్థి సంఘాల ఎన్నికలు లేకపోతే, ఆమెకి దొరికేది కులం గ్రూపో, లేకపోతే ఫోనో. సొరోరిటీల లోపాలు ఎంచడం తేలిక. ఊరు కాని ఊళ్లో, పద్దెనిమిదేళ్ల పిల్లకి జ్వరమొస్తే పక్కన కూర్చునే నలుగుర్ని వాళ్లు చూపిస్తామంటున్నారు. మనం ఏం చూపిస్తున్నాం?

ఈ విషయం మీద విద్యార్థినుల నుంచీ, వాళ్ల తల్లుల నుంచీ, హాస్టళ్లలో పనిచేసే స్త్రీల నుంచీ ఉత్తరాలు ఆహ్వానిస్తున్నాం. సొరోరిటీల్లో ఉన్నవాళ్లూ, మానేసినవాళ్లూ తమ అనుభవాలు రాయాలి. ఇక్కడి కాలేజీల్లో అమ్మాయిల సంఘం పెట్టడానికి ప్రయత్నించినవాళ్లు, యాజమాన్యం ఎక్కడ అడ్డుపడిందో, తోటి అమ్మాయిలు ఎక్కడ వెనక్కి తగ్గారో రాయాలి. పేరు వద్దంటే వెయ్యం. వచ్చే సంచికలో కొన్ని పేజీలు వీటికే కేటాయిస్తున్నాం.